తూటా ఇత్తడి: మెరుపు కాదు, పుట్టుపూర్వోత్తరాలు చూడాలి

మనవాళ్ళలో ఇత్తడి లేని ఇల్లు అరుదు. షోలాపూరులో మగ్గాల వెంట వెళ్ళి స్థిరపడిన కుటుంబమైనా, బరంపురంలోనో హోసూరులోనో తరతరాలుగా వుంటున్న కుటుంబమైనా, యానాంలో గోదావరి ఒడ్డున వున్న ఇల్లయినా, అటక మీద ఒక బిందె, ఒక గంగాళం, దేవుడి దగ్గర ఒక జత కుందులు తప్పకుండా వుంటాయి. పండక్కి ముందు చింతపండు పెట్టి తోమితే బంగారంలా మెరుస్తాయి. ఆ ఇత్తడికి దగ్గర చుట్టం ఒకటి వుంది. అది వంటింట్లో వుండదు, ఆయుధాగారంలో వుంటుంది. అదే తుపాకి తూటా తొడుగు.

"తుపాకుల సంగతి కుటుంబ పత్రికలో ఎందుకండీ?" అని మీరు అడగవచ్చు. కారణం వుంది. షూటింగ్ ఇప్పుడు మన పిల్లలు ముచ్చటపడే క్రీడ అయింది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం తెచ్చాడు. 2012లో లండన్‌లో, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కంచు పతకం గెలిచాడు. 2024లో పారిస్‌లో కొల్హాపూర్ జిల్లా కుర్రవాడు స్వప్నిల్ కుసాలే యాభై మీటర్ల రైఫిల్ పోటీలో కంచు పతకం అందుకున్నాడు. మరోవైపు అమెరికాలో స్థిరపడిన మన బంధువుల్లో కొందరు రైఫిల్ క్లబ్బుల్లో చేరి, కాల్చిన తూటాల ఖాళీ తొడుగుల్ని ఏరి తెచ్చుకుని, ఇంట్లోనే మళ్ళీ నింపుకుంటున్నారు. అక్కడ అది వేలమందికి వున్న వ్యాసంగం. "వాడేసిన తొడుగుని మళ్ళీ వాడడమేమిటి? ఏది మంచిదో ఎలా తెలుస్తుంది? ప్రమాదం కాదా?" అన్న ప్రశ్నలు సహజంగానే వస్తాయి. ఆ ప్రశ్నలకు జవాబు వెతుకుతూ పోతే కథ మన దేశపు వానాకాలం దాకా, మన కంచరుల కొలిమి దాకా వస్తుంది. అందుకే ఈ వ్యాసం.

నలుగురి కాపురం

తూటా అంటే చాలామంది తుపాకి గొట్టంలోంచి దూసుకుపోయే గుండు అనుకుంటారు. నిజానికి తూటా నలుగురు కలిసి చేసే కాపురం. ముందు కొసన గుండు. లోపల మందు. అడుగున అగ్గిపుల్ల పని చేసే చిన్న టోపీ, దాన్ని ప్రైమర్ అంటారు. ఈ ముగ్గురినీ పట్టివుంచేది ఇత్తడి తొడుగు. పేల్చాక గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది. మిగిలేది తొడుగు ఒక్కటే. నలుగురిలోనూ ఖరీదు సాధారణంగా దానిదే ఎక్కువ. అందుకే దాన్ని పారెయ్యడానికి అక్కడివారికి మనసొప్పదు.

తొడుగు ఒట్టి సీసా కాదు. దాని అసలు పని కుక్కర్ గాస్కెట్ చేసే పనిలాంటిది. మందు అంటుకున్న క్షణంలో పుట్టే వాయువుల ఒత్తిడికి తొడుగు ఉబ్బి, తుపాకి గదిగోడకి గట్టిగా అతుక్కుంటుంది. వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం మీదకి రాకుండా అడ్డుకుంటుంది. గుండు బయటికి పోయి ఒత్తిడి తగ్గగానే అదే తొడుగు రవ్వంత కుంచించుకుని గోడని వదులుతుంది. అప్పుడే దాన్ని బయటికి లాగడం సాధ్యమవుతుంది. ఇదంతా సెకనులో వెయ్యోవంతుకు కాస్త అటూ ఇటూగా జరిగిపోతుంది.

ఒత్తిడి ఎంతో తెలిస్తే గుండె ఝల్లుమంటుంది. మన ఇంట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేది చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్ల దగ్గర. వేటకీ, పోటీలకీ ప్రసిద్ధమైన .308 వించెస్టర్ తూటాకి అమెరికాలో నిర్ణయించిన గరిష్ఠ పరిమితి 62,000 పౌండ్లు. అంటే కుక్కర్‌కి నాలుగువేల రెట్లు పైమాటే. ఆ నిప్పుకీ, రైఫిల్‌కి చెంప ఆనించి గురిచూసే మనిషి కంటికీ మధ్య వున్నది జానెడు దూరం. తొడుగు ఎంపిక ఎంత ముఖ్యమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కాగితం నుంచి ఇత్తడికి

తూటాకి మొదట్లో ఇత్తడి లేదు, కాగితమే. 1857లో సిపాయిల ఆగ్రహానికి నిప్పురవ్వ అయిన ఎన్‌ఫీల్డ్ తూటా కొవ్వు పూసిన కాగితపు పొట్లమే. దాన్ని పళ్ళతో కొరికి, మందుని గొట్టంలో పోసి, గుండుని దట్టించాలి. కొద్ది ఏళ్ళలోనే గొట్టం వెనకనుంచి తూటా పెట్టే రైఫిళ్ళు వచ్చాయి. వాటికి కాగితం పనికిరాదు, వాయువు వెనక్కి తన్నకుండా ఆపే లోహం కావలసివచ్చింది.

మొదట పలచని ఇత్తడి రేకుని చుట్ట చుట్టి, అడుగున ఇనప బిళ్ళ అతికించారు. మార్టినీ-హెన్రీ రైఫిల్ వాడిన తూటా అలాంటిదే. 1884-85లో సూడాన్ ఎడారి యుద్ధాల్లో ఆ పొదుపు బ్రిటిష్ సైనికుల ప్రాణాల మీదికి వచ్చింది. వేడికీ ఇసుకకీ తొడుగు గదిలో ఇరుక్కుపోయేది. లాగబోతే అడుగు ఊడివచ్చి, ఒళ్ళు లోపలే వుండిపోయేది. శత్రువు మీద పడుతూంటే సిపాయి చేతిలో మొరాయించిన తుపాకి! ఆ తర్వాత అతుకుల్లేకుండా ఒకే ఇత్తడి బిళ్ళనుంచి సాగదీసిన తొడుగే స్థిరపడింది.

1866లోనే మరో చిత్రం జరిగింది. ఇంగ్లండులో బాక్సర్, అమెరికాలో బెర్డాన్ చెరోరకం ప్రైమర్ రూపొందించారు. బాక్సర్ పద్ధతిలో తొడుగు అడుగున మధ్యగా ఒకే రంధ్రం వుంటుంది. బెర్డాన్ పద్ధతిలో మధ్యన చిన్న దిమ్మె, దాని పక్కన సాధారణంగా రెండు సన్నని రంధ్రాలు వుంటాయి. విచిత్రమేమిటంటే ఇంగ్లీషువాడి బాక్సర్ అమెరికాలో స్థిరపడింది, అమెరికావాడి బెర్డాన్ యూరప్‌లో స్థిరపడింది. ఈ తేడా మనకి ముందు అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

డెబ్భై, ముప్ఫై

ఇత్తడి అంటే రాగీ, తుత్తునాగమూ కలిసిన లోహం. మన పెద్దలు తుత్తునాగం అన్నదాన్నే ఇప్పుడు జింకు అంటున్నాం. పాళ్ళు మారితే గుణం మారుతుంది. తూటా తొడుగుకి వాడేది నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. ఈ పాళ్ళలో ఇత్తడికి సాగే గుణం దాదాపు అత్యధికంగా వుంటుంది. జింకు 40 పాళ్ళ దాకా పెరిగితే ధర తగ్గుతుంది, కానీ చల్లగా వుండగా సాగదీస్తే పగులుతుంది. అలాంటిది వేడిమీద చేసే పనులకీ, పోత పనులకీ సరిపోతుంది. ఒక మామూలు పోత గంటకి వాడిన ఇత్తడితో తూటా తొడుగు చెయ్యలేకపోవడానికి ఇదే కారణం.

తొడుగు తయారీ చూడముచ్చటగా వుంటుంది. ఇత్తడి పట్టీలోంచి గుండ్రని బిళ్ళ కత్తిరిస్తారు. దాన్ని అచ్చులో నొక్కి గిన్నె చేస్తారు. ఆ గిన్నెని ఒకదానికంటె ఒకటి సన్నని అచ్చుల్లోంచి తోసి పొడుగు గొట్టంగా సాగదీస్తారు. సాగదీసినకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది. ఇనపతీగని ఒకేచోట ఇటూ అటూ వంచితే ముందు గట్టిపడి, తర్వాత పుటుక్కున తెగుతుంది చూడండి, అదే సంగతి. అందుకని మధ్యమధ్య కొలిమిలో కాచి మెత్తబరుస్తారు.

ఇది మన కంచరులకు కొత్త విద్య కాదు. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు మీద దేవుడి కవచాలూ, మకరతోరణాలూ చెక్కేవారు కొంతసేపు కొట్టి, రేకు మొండికెయ్యగానే మళ్ళీ కాచి పనిలోకి దిగుతారు. ఇక్కడ ఒక చిన్న ధర్మసూక్ష్మం వుంది. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే అది గట్టిపడుతుంది. కంచరి ఇత్తడిని కాల్చి నీళ్ళలో ముంచినా మెత్తగానే వుంటుంది. ఉక్కు స్వభావం వేరు, ఇత్తడి స్వభావం వేరు.

మంచి తొడుగులో ఈ గట్టిదనం అంతటా ఒకేలా వుండదు. అడుగు భాగం రాయిలా గట్టిగా వుండాలి, ఎందుకంటే వెనకనుంచి దాన్ని కాసే గోడ అన్ని వైపులా వుండదు. గుండుని పట్టుకునే మెడ మాత్రం మెత్తగా, సాగేలా వుండాలి. అందుకే అన్నీ అయిపోయాక మెడనీ, దాని కింది భుజాన్నీ మాత్రం క్షణకాలం మంటకి చూపుతారు. అలా చూపినచోట నీలం, ఊదా రంగుల నీడ మిగిలిపోతుంది. సైన్యానికి చేసే తూటాల మీదా, ఫిన్లండ్ దేశపు లాపువా కంపెనీ తొడుగుల మీదా ఆ నీడ అలాగే కనబడుతుంది. చాలామంది ఇతర తయారీదారులు అందంకోసం దాన్ని పాలిష్ చేసి పోగొడతారు. తెలియనివారు ఆ నీడని మురికి అనుకుంటారు. నిజానికి అది తొడుగు ఒంటిమీద వున్న మంచి గుర్తు.

గుర్రపుసాల నేర్పిన పాఠం

మెడని మెత్తబరచాలన్న ఈ ఆచారం వెనక మన దేశానికి సంబంధించిన కథ వుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి బ్రిటిష్ సైన్యం వానాకాలంలో యుద్ధపు పనులు తగ్గించుకునేది. ఆ నెలల్లో తూటాల్ని గుర్రపుసాలల్లో భద్రపరిచేవారు. వానలు వెలిసి పెట్టెలు తెరిచి చూస్తే, ఎవరూ ముట్టుకోని తూటాల తొడుగులు పగిలివుండేవి! తుప్పు లేదు, సొట్ట లేదు, తళతళలాడే కొత్త ఇత్తడి. కానీ నిలువునా పగుళ్ళు. దీనికి 'సీజన్ క్రాకింగ్' అన్న పేరు నిలిచిపోయింది. మన మాటల్లో ఋతువు పగుళ్ళు అనవచ్చు.

కారణం స్పష్టంగా తేలడానికి 1921 దాకా పట్టింది. మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు పరిశోధకులు గుట్టు విప్పారు. గుర్రాల మూత్రంనుంచి వెలువడే అమోనియా వాయువు తేమతో కలిసి ఇత్తడిలోని రాగిని కొరుకుతుంది. అది ఇత్తడినంతటినీ సమానంగా తినదు. లోహపు రేణువుల మధ్య సందుల్లోంచి దారి చేసుకుంటుంది. సాగదీసినప్పుడు తొడుగులో దాగివున్న బిగువు ఆ సందుల్ని లాగి తెరుస్తుంది. బిగువు, అమోనియా, తేమ మూడూ కలిస్తేనే పగులు. బిగువు తీసెయ్యడానికి కాచి మెత్తబరచాలి. లేదా అమోనియా సోకకుండా చూడాలి. రెండూ చేస్తే మరీ మంచిది.

ఒక మహా సామ్రాజ్యపు సైన్యాన్ని గుర్రపుసాల గాలి ఇలా ఇబ్బంది పెట్టిందంటే నవ్వు రావచ్చు. కానీ అందులోని పాఠం ఈనాటికీ పాతబడలేదు. ఇత్తడి పైకి ఎలా కనబడుతోందన్నది ముఖ్యం కాదు. అది ఏమేమి అనుభవించి వచ్చిందన్నది ముఖ్యం. 'పైన పటారం, లోన లొటారం' అన్న మన సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

తొడుగు ఎంపికలో చూసేవి

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. చట్టం అనుమతించిన దేశాల్లో, అనుభవమున్న షూటర్లు తొడుగుని ఎలా ఎంచుకుంటారు?

మొట్టమొదట అడుగుభాగాన్ని తిప్పి చూస్తారు. అక్కడ తొడుగు జాతకం చెక్కివుంటుంది. తయారీదారు పేరు, తూటా రకం, సైన్యపుదైతే సాధారణంగా సంవత్సరం కూడా. మన ఖడ్కీ ఫ్యాక్టరీవి 'కే ఎఫ్' అనీ, జళగావ్ జిల్లా వరణగావ్ ఫ్యాక్టరీవి 'ఓ ఎఫ్ వీ' అనీ, అమెరికాలో లేక్ సిటీ ఫ్యాక్టరీవి 'ఎల్ సీ' అనీ ముద్ర వుంటుంది. చదవలేని ముద్ర వున్నదాన్ని పక్కన పెట్టేస్తారు.

రెండోది, తిరిగి నింపడానికి వీలైనదేనా అన్న ప్రశ్న. మన పిల్లలు క్లబ్బుల్లో వాడే చిన్న .22 తూటాలో ప్రైమర్ మందు అడుగు అంచులోనే పోసివుంటుంది. సూది తగిలి ఆ అంచు నలిగాక ఇక దాన్ని మళ్ళీ నింపడం సాధారణ పద్ధతిలో సాధ్యం కాదు. కుసాలే పతకం తెచ్చిన పోటీలో వాడేది ఈ రకమే. బింద్రా, నారంగ్ గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి అసలు తూటాయే వుండదు, గాలి ఒత్తిడితో పోయే సీసపు పెల్లెట్ మాత్రమే. కనుక తిరిగి నింపడమన్నది మధ్యలో ప్రైమర్ వున్న పెద్ద రైఫిల్ తూటాలకే చెందిన సంగతి. వాటిలోనూ బాక్సర్ రకమైతే లోపలినుంచి ఒక పుల్లతో పొడిచి పాత ప్రైమర్‌ని తీసెయ్యవచ్చు. బెర్డాన్ రకానికి ఆ సులువు లేదు. ఉక్కుతోనూ, అల్యూమినియంతోనూ చేసిన చవకరకం తొడుగులు కూడా వస్తాయి. వాటికి ఇత్తడిలా ఉబ్బి మళ్ళీ ఒదిగే గుణం లేదు గనక తిరిగి నింపేవారు వాటి జోలికి పోరు.

మూడోది, ఒకేలా కనబడేవి ఒకటే అనుకోకపోవడం. సైన్యపు 7.62×51 తూటా, పౌరుల .308 వించెస్టర్ తూటా చూపుకి కవలపిల్లల్లా వుంటాయి. కానీ సైన్యపు తొడుగు గోడ సాధారణంగా మందంగా వుంటుంది. బయట కొలత ఒకటే అయినప్పుడు గోడ మందమైతే లోపలి జాగా తగ్గుతుంది. అదే కొలత మందు ఇరుకు జాగాలో కాలితే ఒత్తిడి పెరిగిపోతుంది. శేరు గిన్నెలో పొంగని పాలు అరశేరు గిన్నెలో పొయ్యి మీదకి పొంగుతాయి కదా! అందుకే తెలిసినవారు వేరువేరు కంపెనీల తొడుగుల్ని కలపరు. తయారీదారునిబట్టి, సంవత్సరాన్నిబట్టి, చివరికి బరువునిబట్టి కూడా వేరుచేసి, డబ్బాల మీద చీటీలు అంటించుకుంటారు. సైన్యపు తొడుగులో ప్రైమర్ ఊడకుండా చుట్టూ అంచు నొక్కివుంటుంది; దాన్ని సరిచేస్తేనే కొత్తది కూర్చుంటుంది. ఆ శ్రమ కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నాలుగోది, గాయాలు చూడడం. మెడ దగ్గర వెంట్రుకంత నిలువు పగులు వుంటే ఆ తొడుగు చెత్తబుట్టకే. మెడ పగులు చాలాసార్లు తొడుగు వృథా కావడంతో సరిపోతుంది. అసలు భయపడవలసింది అడుగుకి కాస్త పైన వచ్చే పగులుకి. ప్రతి పేలుడుకీ తొడుగు కొంచెం పొడుగు సాగుతుంది. ఆ ఇత్తడి ఎక్కడినుంచి వస్తుంది? అడుగుకి పైనున్న గోడ పలచబడుతుంది. బయటనుంచి అక్కడ ఒక సన్నని మెరిసే వలయం కనబడవచ్చు. లోపల మాత్రం గాడి పడివుంటుంది. అనుభవజ్ఞులు కాగితాలకి పెట్టే పిన్నుని సాగదీసి, కొస వంచి, తొడుగులో పెట్టి గోడ వెంట రాస్తారు. పిన్ను ఎక్కడైనా చిక్కుకున్నట్టు అనిపిస్తే ఆ తొడుగు ఆయువు తీరినట్టే. దాన్ని మళ్ళీ వాడితే తొడుగు రెండు ముక్కలవుతుంది, వేడివాయువు వెనక్కి తన్నుతుంది. ఇక్కడ కూడా చూడండి, మెరుపే ప్రమాదపు గుర్తు!

మన పోలీసుల చేతుల్లో దశాబ్దాలపాటు చూసిన 'త్రీ నాట్ త్రీ' దీనికి మంచి ఉదాహరణ. యుద్ధరంగంలో బురద, ఇసుక పడినా తూటా లోపలికి పోవాలని ఆ రైఫిల్ గదిని కాస్త వదులుగా చేశారు. సైనికుడికి అది వరం, ఎందుకంటే అతడు తొడుగుని ఒక్కసారే వాడతాడు. తిరిగి నింపేవాడికి అదే శాపం. వదులు గదిలో తొడుగు ఎక్కువ సాగి, కొద్ది పేలుళ్ళకే అడుగు ఊడే స్థితికి వస్తుంది. ఒక తొడుగు ఎన్నిసార్లు పనిచేస్తుందంటే ఇన్ని అని ఎవరూ ఖాయంగా చెప్పలేకపోవడానికి కారణమిదే. ఇత్తడి ఒక్కటే చూస్తే చాలదు, అది ఏ తుపాకిలో, ఎంత ఒత్తిడికి పనిచేసిందో కూడా చూడాలి.

అయిదోది, ప్రైమర్ కూర్చునే గుంట. ఒత్తిడి మితిమీరితే అడుగుభాగం వ్యాకోచించి ఆ గుంట వదులవుతుంది. కొత్త ప్రైమర్ బిగువు లేకుండా జారి కూర్చుంటే ఆ తొడుగు ఇక పనికిరాదు. అలాగే మంటల్లో పడిన తొడుగులు. అడుగుభాగం ఒకసారి కాగి మెత్తబడిందంటే దాన్ని మళ్ళీ గట్టిపరిచే మార్గం ఇంట్లో లేదు. బయట తోమి మెరిపించవచ్చు, లోపలి బలాన్ని తేలేము.

ఇక కొత్తవి కొనాలా, పాతవి ఏరుకోవాలా? మొదటిసారి దిగేవారికి పెద్దలు చెప్పే సలహా ఒకటే. పేరున్న కంపెనీవి కొత్త తొడుగులు, ఒకే పెట్టెలోవి కొనుక్కోండి. లేదా మీ రైఫిల్‌లో మీరే మొదటిసారి కాల్చిన వాటిని దాచుకోండి. వాటి చరిత్ర మీకు తెలుసు. మైదానంలో ఎవరో వదిలేసినవి చవకే, కానీ అవి ఎన్నిసార్లు కాలాయో, ఏ మెషిన్‌గన్‌లో సాగాయో చెప్పేవారు లేరు. సంబంధం కలుపుకునేటప్పుడు మనం నాలుగు ఇళ్ళు వాకబు చేస్తాం. తన చెంప పక్కన పేలే వస్తువు గురించి ఆపాటి వాకబు చెయ్యకపోతే ఎలా?

తోముడు సంగతి

కాల్చిన తొడుగు నల్లగా మసిబారివుంటుంది. శుభ్రం చెయ్యడానికి అక్రోటు చిప్పల పొడి, మొక్కజొన్న బెండు పొడి వేసి పీపాలాంటి యంత్రంలో దొర్లిస్తారు. కొందరు పలచని నిమ్మ ఉప్పు నీళ్ళలో ముంచుతారు. మన చింతపండు తోముడుకి ఇది దూరపు బంధువే. పులుపు పైనున్న కిలుముని కరిగిస్తుంది. కానీ పులుపులో ఎక్కువసేపు వుంచితే ఇత్తడిలోని జింకు కరిగిపోయి, పైన రాగి మాత్రం గులాబిరంగులో మిగులుతుంది. బిందెకి అది అందం చెడడం మాత్రమే. తూటాకి బలం చెడడం.

అమోనియా కలిసిన లోహపు పాలిష్‌ని మాత్రం తొడుగులకి వాడనే వాడరాదు. ఎందుకో గుర్రపుసాల కథ చదివిన మీకు వేరే చెప్పనక్కరలేదు. పాదరసం కూడా ఇత్తడికి ఆగర్భశత్రువు. వెనకటి రోజుల్లో కొన్ని ప్రైమర్లలో పాదరసపు మందు వుండేది. అలాంటివి ఒకసారి పేలితే తొడుగు గాజులా పెళుసెక్కేది. బంగారు గాజు మీద పాదరసం పడితే ఏమవుతుందో చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. అందుకే పాతకాలపు తొడుగులు ఎంత అందంగా వున్నా అద్దాల బీరువాకే గాని తుపాకికి కాదు.

మన దేశంలో మాటేమిటి?

ఇంతదాకా చదివి ఉత్సాహపడే యువకులకి ఒక మాట గట్టిగా చెప్పాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచెయ్యడం శిక్షార్హమైన నేరం. ఇంటి మేడమీద గదిలో చేసుకునే సరదా కాదిది. క్లబ్బులో శిక్షణ పొందే పిల్లలు ఖాళీ తొడుగుల్ని జ్ఞాపకార్థమని జేబులో వేసుకురావడం కూడా మంచిది కాదు. తూటా భాగాలు కూడా ఆ చట్టం పరిధిలోకి రావచ్చు. విమానాశ్రయంలో సంచీలో ఒక్క తూటా దొరికి ప్రయాణం ఆగిపోయినవారి సంగతి పత్రికల్లో తరచు చూస్తూనే వున్నాం. అమెరికానుంచి వచ్చే మేనల్లుడికో, మనవడికో సామాను సర్దుకునేటప్పుడే ఈ మాట గుర్తుచెయ్యండి.

మన కుటుంబాల్లో సైన్యంలో పనిచేసిన తాతలు చాలామంది వున్నారు. వారి పాత ట్రంకుపెట్టెలో తూటా ఏదైనా కనబడితే దాన్ని తోమకండి, విప్పకండి, పిల్లల చేతికివ్వకండి. పెట్టె కదపకుండా పోలీసు స్టేషనుకి కబురుచెయ్యండి. ప్రైమర్ మీద సొట్ట వున్నంత మాత్రాన అది పేలిపోయినదని చెప్పలేం. సూది తగిలినా పేలకుండా మిగిలిపోయేవి వుంటాయి.

అలాగని ఈ విద్య మనకి దూరమైనది కాదు. పుణె పక్కన ఖడ్కీ మందుగుండు ఫ్యాక్టరీ 1869లో మొదలయింది. తుపాకిమందుకి పేరుపడ్డ అరువంగాడు ఫ్యాక్టరీ నీలగిరుల్లో వుంది. రైఫిళ్ళు చేసే ఫ్యాక్టరీ తిరుచిరాపల్లిలో వుంది. పెద్ద ఫిరంగుల మందుగుండు ఒడిషాలో బొలాంగీర్ జిల్లా బడ్‌మాల్‌లో తయారవుతుంది. 2021 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలన్నిటినీ ఏడు కంపెనీలుగా విడదీసింది. ఖడ్కీ, వరణగావ్, అరువంగాడు, బడ్‌మాల్ ఇప్పుడు పుణె కేంద్రంగా వున్న మ్యునిషన్స్ ఇండియా కిందికి వస్తాయి. మనం స్థిరపడిన రాష్ట్రాల్లోనే ఇవన్నీ వున్నాయి. లోహశాస్త్రం చదివే మన పిల్లలకి ఇత్తడి గురించి తెలుసుకోవాలనిపిస్తే దగ్గర దారి ఇదే: ఇంట్లో తూటా నింపడం కాదు, ఫ్యాక్టరీలో ఇంజనీరు కావడం.

పాఠకులకు ఒక చిన్న మనవి. ఈ పండక్కి ఇత్తడి సామాను దించినప్పుడు, రేకుతో కొట్టిన బిందెల అంచుల్ని ఒకసారి వేలితో తడిమి చూడండి. సన్నని పగులు తగిలితే దాన్ని నీళ్ళకి వాడకండి, కంచరికి చూపించండి. పశువుల కొట్టం పక్కనా, ఎరువు బస్తాల గదిలోనూ, ఘాటైన వాసన వచ్చే శుభ్రపరిచే ద్రవాల సరసనా ఇత్తడిని పెట్టకండి. పులుపు పెట్టి తోమాక మంచినీళ్ళతో బాగా కడిగి, తడి లేకుండా తుడిచి పెట్టండి. అమ్మమ్మలు శాస్త్రం చదవకుండానే ఈ పనులన్నీ చేశారు. అందుకే వారి బిందెలు ఇంకా మన అటకల మీద వున్నాయి.